ముప్పై ఒక్క కిలోమీటర్ల వెటకారం

కలప లారీ నడిపే ఆ పెద్దమనిషికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కంటబడ్డ దేన్నీ ఈసడించకుండా వదిలిపెట్టలేడు. ఎండ కాస్తే ఎండను, వాన పడితే వానను ఈసడించేవాడు. రెండూ లేని పూట ఆకాశానికి బద్ధకం ఎక్కువైందనేవాడు. పెళ్ళయ్యాక మొదటిసారి అత్తవారింట్లో అడుగుపెట్టి, గోడ మీది గడియారాన్ని ఎగాదిగా చూసి, "దీన్ని టైము చూసుకోవడానికి పెట్టారా, బల్లి కాపరానికి పెట్టారా?" అని అడిగాడు. మామగారు ఆ గడియారాన్ని ఆ సాయంత్రమే అమ్మేశారు. ఊళ్ళో ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. వెటకారం అంటే చాలు, ఇల్లు చూపించేవారు.

ఆయన లారీ తిరిగే రోడ్డు మాత్రం ఈసడించడానికి వీల్లేనంత అందమైనది. కలప యార్డు దగ్గర సున్నా కిలోమీటరు, సముద్రపు ఒడ్డున ముప్పై ఒకటి. మధ్యలో అడవి, కొండలు, కంకర. పదిహేడో కిలోమీటరు దగ్గర చెట్లు ఒక్కసారిగా పక్కకు తొలగేవి. అంత ఎత్తు నుంచి సముద్రం నేల మీద పరిచినట్టు కాక, ఎవరో నీలంగోడ కట్టి నిలబెట్టినట్టు కనిపించేది. దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్ళో కార్లేసుకుని వచ్చేవారు. వెటకారం ఇరవై రెండేళ్ళుగా రోజుకు నాలుగు ట్రిప్పులు ఆ గోడ పక్కనుంచే వెళుతూ ఒక్కనాడూ మెడ తిప్పలేదు. అదేమిటని అడిగితే, "ఉప్పునీళ్ళు. తాగడానికి పనికిరావు, రేడియేటర్లో పోయడానికి పనికిరావు. ఏం చూడమంటావు?" అనేవాడు.

ఆ రోడ్డుకి ఒక నియమం ఉంది. వెడల్పు ఒకటే బండికి సరిపోతుంది. అక్కడక్కడా తప్పుకోవడానికి కాస్త జాగా వదిలారు. మలుపు అవతల ఏముందో ఆ కొండదేవరకి కూడా తెలియదు. అందుకని ప్రతి లారీలో వైర్‌లెస్ సెట్టు పెట్టారు. కిలోమీటరు రాయి దాటినప్పుడల్లా డ్రైవరు మైకులో మూడు మాటలు చెప్పాలి. సముద్రం వైపు వెళుతుంటే 'లోపలికి', యార్డు వైపు వస్తుంటే 'బయటికి'. తర్వాత లోడా, ఖాళీయా. ఆ తర్వాత రాయి మీది అంకె. "లోపలికి, ఖాళీ, తొమ్మిది." అంతే. విన్నవాళ్ళు లెక్క చూసుకుని తప్పుకుంటారు.

వెటకారానికి మూడు మాటలు గొంతు సవరించుకోవడానికి కూడా చాలేవి కావు.

"బయటికి, లోడు, ఇరవై. ఇదిగో, ఇప్పుడే నన్ను దాటి పచ్చ కారొకటి లోపలికి వెళ్ళింది. నడిపే ఆయన స్టీరింగుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా గుండెకి హత్తుకున్నాడు. అదెప్పుడు కెవ్వుమంటుందో తెలీదు, దూరంగా ఉండండి."

"లోపలికి, ఖాళీ, పదకొండు. పది దగ్గర తెల్ల కారు ఆపుకుని నలుగురు ఫోటోలు దిగుతున్నారు. రోడ్డు వీళ్ళ తాత రాసిచ్చాడు కాబోలు, మడత కుర్చీలు కూడా వేసుకున్నారు. కుర్చీలు పోతే పోయాయి, మనుషులు పోతే మనం కాయితాలు రాయలేక చస్తాం. మెల్లిగా రండి."

దుంగలు కోసేవాళ్ళూ, యార్డులో తూకం వేసేవాళ్ళూ పనులు ఆపుకుని మరీ వినేవారు. బొంగురు గొంతు అని పిలిచే ఒక లారీ డ్రైవరైతే నవ్వు ఆపుకోలేక లారీని తప్పుకునే జాగాలో నిలిపేసి, నవ్వడం పూర్తయ్యాక బయల్దేరేవాడు.

ఆ రోడ్డు మొత్తమ్మీద నవ్వనివాడు ఒక్కడే. టపా వ్యాను నడిపే వెటకారం బావమరిది. ఇరవై ఆరో కిలోమీటరు దగ్గర కలప కోసే క్యాంపుకీ, ముప్పై ఒకటి దగ్గర బంగళాకీ ఉత్తరాలు పట్టుకెళ్ళడం అతని ఉద్యోగం. ఆ వ్యానులోనూ ఒక సెట్టు ఉండేది. మనిషి నెమ్మది. వ్యాను ఇంకా నెమ్మది. కంకరకి నొప్పి పుడుతుందేమోనన్నట్టు నడిపేవాడు.

"ఆరు దగ్గర మా ఆవిడ తమ్ముడు," అని మొదలయ్యేది సెట్టులో. "పెళ్ళికొడుకు ఊరేగింపు బయల్దేరింది. వెనక బ్యాండు మేళమే తక్కువ. తొందర ఉన్నవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే లారీ ఆపి ఓ కునుకు తీసి లేవండి."

ఏడేళ్ళు ఇదే వరస. చివరికి క్యాంపులో వంటవాడికి అతని పెళ్ళాం రాసిన ఉత్తరం మీద చిరునామాగా 'కేరాఫ్ పెళ్ళికొడుకు గారి వ్యాను' అని ఉంది. అది ఒక్కరోజు కూడా ఆలస్యం కాకుండా చేరింది. బావమరిదికి కడుపు మండిపోయింది.

"అక్కా, బావకి నువ్వైనా చెప్పవే," అని మొరపెట్టుకున్నాడు.

"చెప్పానురా. నేను చెప్పే తీరు బాగాలేదని అరగంట వెక్కిరించాడు," అంది అక్క.

అలా ఇంకో ఏడేళ్ళు కూడా గడిచిపోయేదే. కానీ టపా ఆఫీసు నుంచి పై అధికారి ఒకాయన తనిఖీకి వచ్చి వ్యానులో పక్క సీట్లో కూర్చున్నాడు. బావమరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని, మరింత నెమ్మదిగా, అంటే దాదాపు నిలబడ్డట్టుగా నడుపుతున్నాడు. సెట్టు గరగరలాడింది.

"బయటికి, లోడు, పధ్నాలుగు. పదిహేను దగ్గర తప్పుకునే జాగాలో పెళ్ళికొడుకు ఆగి ఉన్నాడు. ఇవాళ పక్కన తోడిపెళ్ళికొడుకు కూడా ఉన్నాడు, ముఖం చూస్తే ఆముదం తాగినట్టుంది. ఒరేయ్, నీ వ్యాను వెనక తలుపు ఊగుతోంది. కోతులకి కూడా ఉత్తరాలు బట్వాడా మొదలెట్టారా మీ ఆఫీసువాళ్ళు?"

తలుపు నిజంగానే ఊగుతోంది. దిగి చూస్తే సంచీ ఒకటి అంచుకి జారి పడబోతూ ఉంది. అధికారి సంచీని లోపలికి తోయించాడు గానీ, ఆముదం మాట మాత్రం నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

ఆ సాయంత్రమే బావమరిది యార్డు మేడమ్‌కి ఫిర్యాదు రాశాడు. అందులో 'సభ్యత' అనే మాట తొమ్మిదిసార్లు వచ్చింది.

యార్డుకీ రోడ్డుకీ అధికారి ఆవిడే. నిబంధనల పుస్తకం దిండుకింద పెట్టుకుని పడుకునే మనిషి. నవ్వమని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు కాబట్టి నవ్వేది కాదు. ఇద్దర్నీ ఆఫీసుకి పిలిపించి, సెట్టులో రికార్డయిన మాటలన్నీ టైపు చేయించిన కాగితాలు ముందుంచుకుని, మందుల చీటీ చదివినట్టు చదవడం మొదలుపెట్టింది.

"నాలుగో తారీఖు, ఉదయం పదీ ఇరవై. 'ఈ నల్లకారాయన రివర్సు చేస్తుంటే కొండే భయపడి వెనక్కి జరిగింది.' ఇది మీరన్నదేనా?"

"అన్నది నేనేనండి. కానీ మీరు చదివేసరికి అందులో పస పోయింది."

"అదే రోజు పదకొండుంపావు. 'ఇది రోడ్డా, రంపమా? ఇంకో ట్రిప్పు తిరిగితే దుంగలు వాటంతటవే పలకలైపోతాయి.' ఇది?"

"అదీ నాదేనండి. అది విన్నాకే కదా మీరు రోడ్డు చదును చేసే యంత్రాన్ని పంపించారు?"

మేడమ్ ఆ కాగితం తిప్పేసింది. వెటకారం చూపు బల్లమీది ఫిర్యాదు మీద పడింది. బావమరిది గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరండీ రాసింది? అక్షరాలు చలికి ముడుచుకు పడుకున్నట్టున్నాయి," అన్నాడు వెటకారం. రాసిందెవరో ఆయనకి తెలిసిపోయింది. ఆ తర్వాత దాని గురించి ఒక్క ముక్క అనలేదు. బావమరిదికి అదే గుచ్చుకుంది.

"వినండి," అంది మేడమ్. "రేపట్నుంచి మీరు సెట్టులో మూడు మాటలే మాట్లాడాలి. దిక్కు, లోడు, అంకె. నాలుగో మాట వినబడిందా, మీ సెట్టు ఊడదీయిస్తాను. సెట్టు లేని లారీ ఈ రోడ్డెక్కకూడదు. తెలుసు కదా?"

"తెలుసండి," అన్నాడు వెటకారం. తర్వాత నోరు తెరిచి, మేడమ్ టోపీ వైపు ఒకసారి చూసి, మళ్ళీ నోరు మూసుకున్నాడు. ఆ మింగడం అవతలి గదిలో గుమాస్తాకి కూడా వినబడిందంటారు.

మర్నాటి నుంచి సెట్టు గుమాస్తా బల్లలాగా తయారైంది. "లోపలికి, ఖాళీ, ఏడు." "లోపలికి, ఖాళీ, ఎనిమిది." బావమరిది మొదటిరోజు ఈలవేస్తూ నడిపాడు. రెండోరోజు ఈల రాలేదు. మూడోరోజు తొమ్మిదో కిలోమీటరు మలుపు తిరిగేసరికి, రోడ్డుకి అడ్డంగా ఒక నీలం కారు, దాని పక్క అద్దంలో చూసుకుంటూ తీరిగ్గా తల దువ్వుకుంటున్న ఒకావిడ. బ్రేకు తొక్కితే వ్యాను కంకర మీద జారుకుంటూ వెళ్ళి ఆవిడ దువ్వెనకి జానెడు దూరంలో ఆగింది. అంత నెమ్మదిగా నడిపేవాడికే జానెడు దూరం మిగిలింది.

"ఇలా నడిరోడ్డు మీద ఆగితే ఎలాగండీ?" అన్నాడు వ్యాను దిగి.

"దువ్వుకోవడం అయిపోయింది లెండి," అందావిడ.

ఇక్కడో కారుందని సెట్టులో ఎవరూ చెప్పలేదేమిటి అనుకున్నాడు బావమరిది. చెప్పాల్సిన నియమం ఎవరికుంది? లారీవాళ్ళు ఎవరి అంకె వాళ్ళు చెప్పుకుంటారు. కార్లకి సెట్టులే లేవు. మరి ఏడేళ్ళుగా ఏ మలుపులో ఏ కారుందో తనకి ముందే తెలిసేదే, ఎలా తెలిసేది? జవాబు అతనికి నచ్చలేదు. ఆ రోజు వ్యాను మరీ నెమ్మదిగా నడిపాడు.

నాలుగోరోజు అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క చెంగు బిగించి వంటిల్లు తుడుస్తోంది.

"ఇంట్లోనూ మూడు మాటలే మాట్లాడుతున్నాడురా. 'తిన్నాను, చాలు, పడుకుంటా.' నిన్న కుళాయి కారి ఇల్లంతా నీళ్ళయితే, చూసి కూడా ఏమనలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈయన వంకలు పెడితేనే కదా ఇంట్లో ఏది చెడిపోయిందో నాకు తెలిసేది!"

"అలిగాడేమోనే."

"అలిగితే అలగనీ. ఈ కాయితం చూడు."

యార్డు నుంచి వచ్చిన నోటీసు అది. రోజుకు నాలుగు ట్రిప్పులు వేయాల్సిన మనిషి రెండే వేస్తున్నాడనీ, శనివారం నాటికి నాలుగు కాకపోతే లారీని వేరేవాళ్ళకి ఇస్తామనీ రాసి ఉంది. బావమరిది దాన్ని రెండుసార్లు చదివాడు. తను కోరింది బావ కాస్త నోరు తగ్గించుకోవాలని, ఉద్యోగం ఊడాలని కాదు.

"మిగతా సమయం ఎక్కడుంటున్నాడే?"

"ఏమో. చెప్పులు దులిపితే మాత్రం ఇసుక రాలుతోంది."

క్యాంపు దగ్గర ఇసుక లేదు. ఇసుక ఉన్నది ముప్పై ఒకటి దగ్గరే. ఉప్పునీళ్ళ మొహం చూడనన్న మనిషికి అక్కడేం పని?

మర్నాడు శుక్రవారం. బంగళాలో ఉత్తరాలిచ్చి బావమరిది ఒడ్డుకి నడిచాడు. ఇసుక అంచున, ఖాళీ కలప లారీ ఒకటి విందుకొచ్చిన ఏనుగులా నిలబడి ఉంది. దాని పక్కన ఒక ఎర్ర కారు. ఎదురుగా సముద్రానికి వీపు పెట్టి, చేతిలో ఎవరిదో కెమెరాతో, వెటకారం.

"బామ్మగారూ, కాస్త కుడికి. ఆఁ. నవ్వండి," అంటున్నాడు.

కారు యజమాని బావమరిదిని చూసి ఎదురొచ్చాడు. "మీరూ రోడ్డు డిపార్టుమెంటేనా? కారు ముందు ఓ లారీ పంపించే ఈ ఏర్పాటు చాలా బాగుందండీ. దారంతా ఈయన వెనకే వచ్చాం. ఒక్క బండి ఎదురైతే ఒట్టు, అన్నీ పక్కకు తప్పుకున్నాయి. కాకపోతే దుమ్మెక్కువ. ఫిర్యాదులెవరికి రాయాలి?"

బావమరిది బావని లారీ చాటుకి లాక్కెళ్ళాడు.

"బావా, ఏంటిది?"

"టైర్లు చల్లారబెట్టుకుంటున్నాను."

"ఫోటోలు తీసి చల్లారబెడతారా? ఇరవై ఆరు దగ్గర లోడెక్కించుకోవాల్సినవాడివి, రోజూ ఎవరో ఒకరిని ఇక్కడిదాకా తీసుకొచ్చి, మళ్ళీ బయటికి దిగబెడుతున్నావా?"

"తీసుకురాక? ఆ మొహాలు చూడరా. పటంలో నీలంరంగు కనబడితే చాలు, కారేసుకొచ్చేయడమే. హారన్ ఎందుకుందో కూడా తెలీదు. వాళ్ళకి సెట్టు లేదు, నాకు నోరు లేకుండా చేశావు. ఇంక మిగిలింది లారీయేగా! వాళ్ళని కప్పడానికి ఇంతకంటే పెద్ద దుప్పటి నా దగ్గర లేదు."

"రేపటితో లారీ పోతుంది బావా!"

"పోనీ. దీని సీటు కూడా ఓ సీటేనా? ఇరవై రెండేళ్ళుగా ముళ్ళకంప మీద కూర్చున్నట్టుంది," అని, ఆ సీటుకి పట్టిన దుమ్మును చేత్తో మెల్లగా దులిపాడు.

బావమరిది ఏదో అనబోయేంతలో కారు చప్పుడు వినబడింది. ఇద్దరూ తొంగిచూశారు. ఎర్ర కారు లేదు. దుమ్మెక్కువని చెప్పినాయన ఈసారి లారీకంటే ముందే బయల్దేరిపోయాడు.

లారీలో సెట్టు పలికింది. బొంగురు గొంతు. "లోపలికి, ఖాళీ, పదిహేడు."

ఖాళీ లారీ దిగుడులో ఎంత వేగంగా వస్తుందో వెటకారానికి తెలుసు. ఇరవై నాలుగు దగ్గర వరసగా మూడు మలుపులు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. ఇద్దరూ లారీ ఎక్కి కారుని తరుముతూ బయల్దేరారు. సెట్టులో బొంగురు గొంతు అంకె ఒక్కొక్కటే పెరిగి ఇరవైకి చేరింది. వెటకారం మైకు మీద చెయ్యి వేశాడు. బావమరిది ఆ చేతిని పట్టుకున్నాడు.

"వద్దు బావా, నాలుగో మాట వద్దు. నాకెవరూ అడ్డు చెప్పలేదుగా, నేను మాట్లాడతాను." మైకు లాక్కుని గొంతు సవరించుకున్నాడు. "సోదరులారా, నమస్కారం. ఎరుపురంగు కారులో ఒక గౌరవనీయమైన కుటుంబం, వృద్ధురాలైన ఒక మహిళతో సహా, సముద్రతీరం నుంచి తిరుగు ప్రయాణంలో ఉన్నారని తెలియజేయడానికి..."

"లోపలికి, ఖాళీ, ఇరవై ఒకటి," అంది బొంగురు గొంతు. "ఒరేయ్, ఎక్కడో వార్తలు కలిసిపోతున్నాయి. సెట్టు బాగుచేయించండ్రా."

"వార్తలు కాదండీ! నేనండీ! దయచేసి తమరు కాస్త..."

"లోపలికి, ఖాళీ, ఇరవై రెండు. వాతావరణం కూడా చెప్తాడేమో."

"తిట్టరా!" అన్నాడు వెటకారం పళ్ళ బిగువున. "వాళ్ళ చెవులు తిట్లకి అలవాటుపడ్డాయి. తిడితేనే వింటారు."

బావమరిది కళ్ళు గట్టిగా మూసుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తిట్టాడు. "ఆ ఎర్రకారాయన... ఆయన... అంత మంచివాడేమీ కాదు!"

వెటకారం ఇంక తట్టుకోలేకపోయాడు. ఆ కారులోని ప్రాణాల కోసమని చెప్పాలో, ఇంత చేతకాని తిట్టు వినలేకనే అని చెప్పాలో తెలియదు గానీ, మైకు ఆయన చేతిలోకి వెళ్ళింది.

"ఓరి బొంగురూ! నీ చెవుల్లో రంపప్పొట్టు కూరుకున్నావట్రా? ఎర్ర కారు బయటికి వస్తోంది, ఇరవై ఐదు దాటుంటుంది. కంకర రోడ్డుని తన ఇంటి నడవా అనుకునే ఘనుడు నడుపుతున్నాడు, వెనక సీట్లో బామ్మ ఫోటోలో కూడా నవ్వని రకం. ఇరవై మూడు దగ్గర జాగాలో దూరి, హెడ్‌లైట్లు వేసి, హారన్ మీద కూర్చో! లేస్తే చంపుతాను!"

లారీ ఇంకో రెండు మలుపులు తిరిగింది. కొండల మీదుగా చాలా దూరం నుంచి హారన్ మోత. తర్వాత గరగర.

"జాగాలోనే ఉన్నాను. ఎర్ర కారు నా పక్కనుంచే వెళ్ళింది. మధ్యలోనే వచ్చాడు, దరిద్రుడు. బామ్మ చెయ్యూపింది," అంది బొంగురు గొంతు. ఈసారి గొంతు మరింత బొంగురుగా ఉంది.

వెటకారం మైకుని దాని కొక్కేనికి తగిలించాడు. ఎన్ని మాటలయ్యాయో బావమరిది వేళ్ళమీద లెక్కపెట్టబోయి వదిలేశాడు. అంతలో సెట్టులో యార్డు మేడమ్ గొంతు వినబడింది.

"ఎవరది మాట్లాడింది?"

"నేనేనండి," అన్నాడు బావమరిది మైకు అందుకుని.

"మీరు తిట్టింది విన్నాను. దాని గురించి కాదు అడుగుతున్నది." కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "ఎర్ర కారు ఇప్పుడెక్కడుంది?"

బావమరిది అద్దంలోంచి ఎర్ర కారు కోసం రోడ్డు మీదికి చూశాడు.

"అడుగుతున్నాను. పదిహేడు దగ్గర రెండు ఖాళీ లారీలు లోపలికి వస్తున్నాయి. ఆ కారుని ఎవరూ తిట్టడం లేదేం?"

వెటకారం బావమరిది వంక చూశాడు. బావమరిది మైకు అందించాడు.

సోమవారం నోటీసు బోర్డు మీద కొత్త నిబంధన వెలసింది. 'సెట్టు లేని వాహనములను గూర్చి వ్యాఖ్యానించు అధికారము ఒక్క డ్రైవరుకు మాత్రమే ఇవ్వబడినది.' కార్లకి కాపలా పోవాల్సిన పని లేక శనివారమే నాలుగు ట్రిప్పులూ పూర్తయ్యాయి కాబట్టి ట్రిప్పుల నోటీసు దానంతటదే రద్దయింది. వెటకారం బోర్డు ముందు నిలబడి, "భాష చూడు, పిండికట్టు కట్టినట్టుంది," అని వెళ్ళిపోయాడు.

ఆ నెలాఖరున మేడమ్ సెలవు పెట్టి, వాళ్ళమ్మగారిని వెంటబెట్టుకుని సొంత కారులో సముద్రం చూడ్డానికి వచ్చింది. ఆ కారులో సెట్టు లేదు. బావమరిది బంగళా మెట్లమీద ఉత్తరాలు విడదీస్తుంటే, కారు గంటకి పదిహేను కిలోమీటర్ల చొప్పున వచ్చి ఆగింది. అతనికే ముచ్చటేసింది.

అమ్మగారు దిగుతూనే మురిసిపోయింది. "ఎంత మంచివాళ్ళే ఇక్కడివాళ్ళు! ప్రతి మలుపులోనూ లారీలు ముందే తప్పుకుని మనకి దారిచ్చాయి. అందరూ మనల్ని చూసి ఎంత నవ్వుముఖం పెట్టారో!"

మేడమ్ కారు తలుపు మూయడం ఆపి, కాసేపు ఆలోచించి, నెమ్మదిగా బావమరిది వైపు తిరిగింది.

"నా గురించి ఏమన్నాడు?"

బావమరిది ఉత్తరాల కట్ట అడ్డం పెట్టుకుని ముఖం దాచుకున్నాడు.

"ముప్పై ఒక్క కిలోమీటర్లూ క్షేమంగా వచ్చారు కదండీ," అన్నాడు. "ఇప్పుడవన్నీ ఎందుకండీ?"